క్వార్టర్ సీసాల్లో వదిన తోట

నన్ను బడి నుంచి ఎవరూ వెళ్లగొట్టలేదు. నేనే మర్యాదగా బయటికి వచ్చాను. ఎనిమిదో తరగతిలో రెండో ఏడు కూర్చున్నప్పుడు మా అక్క కొడుకు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడు చురుకైనవాడు. ఇంకొన్నేళ్లు అక్కడే ఉంటే వాడే నాకు సారుగా వచ్చి బెత్తం పట్టుకుంటాడేమోనని భయం వేసి సంచి సర్దుకున్నాను. నేను గేటు దాటుతుంటే లెక్కల సారు కళ్లు తుడుచుకున్నాడు. కంట్లో దుమ్ము పడిందన్నాడు గానీ అవి ఆనందబాష్పాలని నాకు తెలుసు. అలా సగంలో వదిలేసిన చదువులో వేళ్లు, కాండాలు, ఆకులు అనే పాఠం కూడా ఉందట. ఆ పాఠం నేను అరవై దాటాక, అమీన్‌పూర్‌లో మా కొడుకు ఫ్లాట్‌లో, వంటింటి కిటికీ దగ్గర నిలబడి నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్పింది ఒక మనీ ప్లాంట్ తీగ. అది చస్తూ చస్తూ నేర్పింది.

ఆ తీగ మా వదిన మణెమ్మది. మా అన్న అంజయ్య పోయిన ఏడాదికే రోడ్డు వెడల్పు కోసం వాళ్ల ఇంటి ముందు భాగం కొట్టేశారు. వరండా అంతా అల్లుకుని ఉన్న తీగలు ఇటుకల కింద నలిగిపోయాయి. మిగిలింది ఒక్క సీసా. మోకాలి ఆపరేషన్ చేయించుకుని, కోలుకునే దాకా జహీరాబాద్‌లో కూతురి దగ్గర ఉండడానికి పోతూ, వదిన ఆ సీసాను నా చేతిలో పెట్టింది. "ఇదొక్కటే మిగిలింది నర్సింలూ. మీ అన్నున్నప్పటిది. జెర పైలం," అన్నది. ఆమె అంతకంటే ఏమీ అనలేదు. మా వదిన లెక్కలో అది పెద్ద ఉపన్యాసం.

నేను పైలంగానే చూసుకున్నాను. అసలు తప్పు అక్కడే జరిగింది. ఇంత పాత తీగ, ఇంత మర్యాద గల తీగ, ఇంకా సీసాలో బతకడమేమిటని దానికి ప్రమోషన్ ఇచ్చాను. మెరిసే పింగాణీ కుండీ, నల్లమట్టి, ఎరువు, పొద్దునా సాయంత్రం నీళ్లు. మా ఇంట్లో నాకు కూడా అంత వేళకు ఎవరూ ఏమీ పోయలేదు. కొన్నాళ్లకే మొదలు నల్లబడింది, ముట్టుకుంటే మెత్తగా చేతికి వచ్చింది, కుండీలోంచి మురుగు కాల్వ వాసన. హడలిపోయి, ఇంకా పచ్చగా ఉన్న ఆకులను ఒక్కొక్కటిగా తుంచి గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి పెట్టాను. నల్లబడిన కాండమంతా చెత్త బండికి ఇచ్చేశాను. వారాలు గడిచాయి. ఆకుల కాడలకు తెల్లటి వేళ్లు వచ్చాయి! ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాను. వేళ్లు సేమియాలాగా పెరిగాయి, గ్లాసు నిండాయి. ఆకు మాత్రం ఆకుగానే ఉంది. ఒక చిగురు లేదు, ఒక తీగ లేదు. గ్లాసుల్లో కాళ్లు జాపుకుని కూర్చున్న ఆ ఆకులు అచ్చం నాలాగే కనిపించాయి. తినడానికి సిద్ధం, ఎదగడానికి కాదు.

అప్పుడే జహీరాబాద్ నుంచి ఫోన్. "నడుస్తున్న ఇగ. వచ్చే ఐతారం మీ ఇంటికే వస్తున్న. తీగ ఎట్లున్నది?" అని వదిన. "మస్తుగున్నది వదినా, వేర్లు సూస్తె పరేషానైతవ్," అన్నాను. అబద్ధం కాదు. ఫోన్ పెట్టేశాక గ్లాసుల వైపు చూస్తుంటే, ఎప్పుడో పటాన్‌చెరు రేకుల రూములో వదిన నోట విన్న ఒక మాట తిరిగి చెవిలో పడింది. కణుపు.

బడి మానేశాక సదాశివపేట దిక్కున్న మా ఊరి నుంచి నన్ను అన్న తన దగ్గరికి తెచ్చుకున్నాడు. అన్న ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పని చేసేవాడు. వరుసగా కట్టిన రేకుల రూములు, అన్నింటికీ కలిపి ఒక నడవ, చివరన ఒక బోరింగు. మా రూముకు ఒక కిటికీ ఉండేది, అదే మా ఆస్తి. పొద్దున్నే వదిన లేచి కిటికీ తలుపు తీసేది. బయటి నుంచి ముందు వాసన వచ్చేది, తర్వాత వెలుతురు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి ఒక దిక్కు నుంచి, కాలిన చక్కెర వాసన వస్తే ఇంకో దిక్కు నుంచి వీస్తోందని లెక్క. అన్న ఒంటి మీద ఎప్పుడూ మందు గోళీల వాసన ఉండేది. జ్వరం వస్తే మందు మింగక్కర్లేదు, అన్న పక్కన పడుకుంటే చాలని నేను అంటే, అన్న చెప్పు కోసం వెతికేవాడు. వదిన మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నా జోకులకు దొరికిన మొదటి శ్రోత ఆమె. ఆమె నవ్వకపోతే నేను ఇన్నేళ్లు ఈ రాతల జోలికి వచ్చేవాణ్ణి కాదు, తెలుగు పాఠకులు కొంత సుఖపడేవారు.

ఆ కిటికీ నిండా సీసాలు. బ్రాందీ క్వార్టర్ సీసాలు. బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి ఇరుకు గట్టు మీద నిలబడతాయని వదిన వాటినే ఎంచుకుంది. వైన్ షాపు వెనకాల ఏరుకురావడం నా పని, బూడిదా ఇసుకా వేసి గలగలమని కడగడం ఆమె పని. ఒక్కోదాంట్లో ఒక మనీ ప్లాంట్ ముక్క. కల్లు కూడా ముట్టని మా అన్నకు ఆ సీసాలతో పేటంతా పెద్ద తాగుబోతని పేరొచ్చింది. కొత్తవాళ్లు ఇల్లు అడిగితే "గా సీసాల అంజయ్య రూము పక్కకు" అని చెప్పేవాళ్లు. అన్న తల వంచుకుని డ్యూటీకి పోయేవాడు గానీ ఒక్క సీసా కూడా తీసేయమనలేదు.

తీగ కోయడమంటే వదినకు పూజ మీద ఉన్నంత ధ్యాస. అన్న గడ్డం గీసుకుని పక్కన పెట్టిన బ్లేడు తీసుకునేది. తీగను బొటనవేలితో తడుముతూ పోయి, ఆకు కాడ తీగను కలిసేచోట ఉబ్బెత్తుగా తగిలే దగ్గర ఆగేది. "గిది కణుపు. మనకు బొడ్డు లెక్క దీనికి గిది. గీడికెల్లి కిందికి కొయ్యాలె, నీళ్లల్ల గిది మునగాలె," అనేది.

"ఉత్త ఆకు వెడితే ఏమైతది వదినా?"

"ఏం కాదు. బతుకుతది. వేర్లు గూడ వస్తయి. గని పిల్లలు పెట్టది. తిని కూసుంటది, నీ లెక్క."

అప్పుడు నేను నవ్వుతూ వినేశాను. ఎగతాళి గుర్తుంది, పాఠం మరిచిపోయాను. బడిలో కూడా నా పద్ధతి ఇదే.

ఆ సీసాలను నేను ఆటవస్తువులనుకునేవాణ్ణి గానీ, నడవలోని ఆడవాళ్లు వాటిని ఎంతగా నమ్మేవాళ్లో తర్వాత తెలిసింది. కంపెనీలు వదిలే మురుగుతో అక్కడి నీళ్ల మీద ఎవరికీ నమ్మకం లేదు. ఒక ఎండాకాలం పాత బోరింగు ఎండిపోతే ఇంటి ఓనరు కొత్త బోరు వేయించాడు. నీళ్లు తేటగా ఉన్నాయి, అందరూ బిందెలు పట్టుకుని ఉరికారు. వదిన అడ్డం నిలబడింది. "జెర ఆగుండ్రి," అని కొత్త నీళ్లు ఒక సీసాలో, ట్యాంకరు నీళ్లు ఒక సీసాలో పోసి, ఒకే తీగవి రెండు ముక్కలు కోసి పెట్టింది. ఓనరు పడిపడి నవ్వాడు, నేనూ ఓనరు పక్షమే. కొన్ని రోజులకు ట్యాంకరు నీళ్లలో తెల్లటి వేళ్లు తొంగి చూశాయి. కొత్త బోరు నీళ్లలో ముక్క మొదలు నల్లబడి, నీటి మీద జిడ్డు తేలింది. వదిన ఎవరితోనూ వాదించలేదు. ఆ రెండు సీసాలను తీసుకుపోయి బోరింగు గద్దె మీద పక్కపక్కనే పెట్టి వచ్చింది. ఆ తర్వాత ఆ నీళ్లను ఎవరూ నోట్లో పోసుకోలేదు, గిన్నెలకూ బట్టలకూ వాడుకున్నారు. ఓనరు కూడా ట్యాంకరు కోసం మాతోపాటే లైన్లో నిలబడ్డాడు. అప్పటి నుంచి ఏ కొత్త నీళ్లు వచ్చినా "మణెమ్మ సీస ఏమన్నది?" అని అడిగి గాని తాగేవాళ్లు కాదు. సంతకం పెట్టడానికి తడబడే మా వదిన అంతమంది కడుపులను కాపాడిందని అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే, ఓనరుతో కలిసి నవ్వినందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇన్ని తీగలున్నా, వదిన ఎవరికీ ఒక్క ముక్క ఇచ్చేది కాదు. పిసినారితనం కాదు, అది ఆమె నమ్మకం. మనీ ప్లాంట్‌ను ఇస్తే నాటుకోదు, ఎత్తుకుపోవాలి. "ఇచ్చింది ఇచ్చినోళ్ల దిక్కే మొకం పెడ్తది. ఎత్కపోయింది ఆ ఇంట్ల పడి ఉంటది," అనేది.

"మరి నిన్ను మా అన్న ఎత్కచ్చిండా, మీ నాయిన ఇచ్చిండా?"

"నేనే మీ అన్నను ఎత్కచ్చుకున్న. సూస్తలేవా, ఎంత మంచిగ నాటుకున్నడో."

అందరూ ఎత్తుకుపోవాలి కాబట్టి, అందుకు తగ్గ ఏర్పాట్లన్నీ ఆమే చేసేది. ఒక తీగను కిటికీ ఊచల్లోంచి నడవ వైపు పొడుగ్గా వేలాడదీసేది. పక్కనే గట్టు మీద ఒక పాత బ్లేడు పెట్టేది. దొంగలకు కత్తి సమకూర్చిన ఇల్లు నాకు తెలిసి అదొక్కటే. ఎవరైనా కిటికీ దగ్గర తచ్చాడుతుంటే, ఇటు తిరిగి బియ్యం ఏరుకుంటూ గట్టిగా కూనిరాగం తీసేది. రాగం ఆగేలోపు పని కానిచ్చుకుని పోవాలి. మూడో రూములో ఉండే బాలమణక్కకు భయం ఎక్కువ. ఆమె తెగించేదాకా వదిన పాపం ఒక పూటంతా పాడింది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది.

అసలు మొదటి తీగ కూడా దొంగ సొత్తే. పెళ్లైన కొత్తలో అన్నా వదినా సంగారెడ్డిలో ఫొటో తీయించుకున్నారు. ఆ ఫొటోలో వదిన కుడి చేయి పిడికిలి బిగించి ఉంటుంది. అన్న ముఖం చూస్తే వెనకాల పోలీసులు నిలబడ్డారేమో అనిపిస్తుంది. సంగతేమిటంటే, స్టూడియోవాడు లైట్లు సర్దుకుంటుండగా వదిన అక్కడి కుండీలోని తీగను పుటుక్కున తుంచింది. అది అన్న చూశాడు. దాచుకునేలోపు "రెడీ" అన్నాడు ఫొటోవాడు. అలా మా వంశవృక్షం ఆ పిడికిట్లో మొదలైంది. ఇంటి ముందు భాగం కొట్టేసినప్పుడు వదిన సామానుతోపాటు ఆ ఫొటో కూడా మా ఫ్లాట్‌కే వచ్చింది. ఉత్త ఆకుల గ్లాసుల పక్కన దాన్ని ఆనించి పెట్టుకుని చూస్తే, ఆ పిడికిలి నన్ను గుద్దడానికే బిగించినట్టు కనిపించింది.

నా పెళ్లి కూడా ఆ కిటికీ దగ్గరే కుదిరింది. మా మామగారు జోగిపేట దిక్కు రైతు, అత్తగారితో కలిసి అబ్బాయిని చూసిపోదామని వచ్చాడు. అబ్బాయి కంటే ముందు సీసాల వరుస కనపడింది. మనిషి ముఖం మాడిపోయింది. అన్న మాట తడబడి "తాగం… మేం తాగం" అన్నాడు, అచ్చం తాగినవాడిలాగానే. నేను ఊరుకోవచ్చు కదా, "సీసలే మాయి, తాగింది ఊరోళ్లు" అన్నాను. ఆయన లేవబోయాడు. వదిన చాయ్ గ్లాసు ఆయన చేతికిచ్చి, కిటికీలోంచి ఒక సీసా తెచ్చి ముందు పెట్టి, "వేర్లు సూడుండ్రి. మందు వాసనొస్తె అడగుండ్రి," అంది. ఆయన నిజంగానే వాసన చూశాడు. ఈలోగా చేతులు కడుక్కొస్తానని నడవలోకి పోయిన మా అత్తగారు ఎంతకూ రాలేదు. వాళ్లు వెళ్లాక వదిన కిటికీకి వేలాడే తీగ కొస చూసింది. అప్పుడే కోసిన చోట తడి మెరుస్తోంది. "పిల్లనిస్తరు. కొంగుల ముడేసుకోని మరీ తీస్కపోయింది," అంది. ఇచ్చారు. ఒక తీగ ముక్కకు బదులుగా నేను దొరికానని నా భార్య పద్మను ఇప్పటికీ ఆట పట్టిస్తాను. "రెండిట్ల తీగనే నయముండె," అంటుంది. పాపం ఆ తీగను తర్వాత వాళ్ల మేక తినేసింది. ఆ మేకను దసరాకు మేమందరం తిన్నాం. లెక్క ప్రకారం వదిన తీగలో కొంత నాలోనే ఉండాలి గానీ, నన్ను సీసాలో పెట్టి చూసే ఓపిక ఎవరికుంది?

ఇప్పుడు మొక్కలు ఫోనులో నొక్కితే అట్టపెట్టెలో వస్తున్నాయి. ఆకు తుడిచి, కుండీకి పేరు రాసి, ఎన్నాళ్లకొకసారి నీళ్లు పోయాలో చీటీ పెట్టి మరీ పంపుతారు. తప్పుపట్టను, మా కోడలు తెప్పించినవి చూడముచ్చటగా ఉన్నాయి. కానీ వదిన మీద గౌరవంతో నేనొకసారి మా ఫ్లోర్‌లో, తలుపు బయట, వాటిలోని ఒక తీగను వేలాడదీసి పక్కన బ్లేడు కూడా పెట్టాను. రోజుల తరబడి ఎవరూ ముట్టలేదు. చివరికి పిల్లలకు తగులుతుందని అపార్ట్‌మెంట్ వాళ్లు బ్లేడు తీయించారు, నడవలో సామాను ఉండకూడదని కుండీ తీయించారు. ఇంతమంది నిజాయితీపరుల మధ్య బతకడం ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది. అందరి దగ్గరా అన్నీ ఉన్నాయి. ఒకరింటి తీగ మీద ఇంకొకరికి ఆశ పుట్టడం లేదు.

ఆదివారం దగ్గర పడుతోంది. ఆ తీగ సంతానం ఇంకెక్కడైనా బతికి ఉంటే బాలమణక్క దగ్గరే ఉండాలి. ఆమెకు కొల్లూరులో సర్కారు డబల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చిందని విన్నాను. ఫోన్లో ఏమీ చెప్పకుండా బస్సెక్కాను. అన్నీ ఒకే తీరుగా ఉన్న ఆ భవనాల్లో ఇల్లు వెతుక్కోవడం కష్టమవుతుందని భయపడ్డాను గానీ, తల ఎత్తితే చాలు, ఒక బాల్కనీ నుంచి కింది అంతస్తు దాకా జారిన తీగ కనిపించింది. దాన్ని పట్టుకుని పైకి పోయినట్టే పోయాను.

బాలమణక్క తలుపు తీసి, "ఓ తమ్మీ, గిన్నేండ్లకు తొవ్వ దొరికిందా!" అని చేతులు పట్టుకుంది. అన్న మాట ఎత్తి కాసేపు ఏడ్చింది. వదిన మోకాలు అడిగింది. హాలు చుట్టూ, టీవీ మీదుగా, దేవుని పటాల వెనకనుంచి తీగ తిరిగి వచ్చింది. నేను మాటలు వింటున్నాను గానీ కళ్లు దాని మీదే.

"ఏందిరా, గట్ల సూస్తున్నవ్?"

"ఏం లేదక్కా. వదినది… వదిన తీగ నా దగ్గర సచ్చిపోయింది."

నోరు తెరిచి అడిగితే ఇవ్వాల్సి వస్తుంది, ఇస్తే నాటుకోదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. బాలమణక్క లేచి, కూరగాయల కత్తిని తెచ్చి టీవీ పక్కన పెట్టి, "చాయ్ పెడ్త. పాలు పలుచగున్నయి, జెర లేటైతది," అని వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. లోపల గిన్నెల చప్పుడు మొదలైంది. చాయ్‌కి అన్ని గిన్నెలు అవసరం లేదు.

బొటనవేలితో తీగను తడుముతూ పోయాను. ఉబ్బెత్తు తగిలింది. దాని కిందికి కోశాను. ఇంకొకటి, ఇంకొకటి. జేబులో పెట్టుకుని కుర్చీలో కూర్చుని, ఏమీ ఎరగనట్టు గోడ వైపు చూశాను. గిన్నెల చప్పుడు ఆగలేదు. చివరికి నేనే దగ్గాల్సి వచ్చింది. అప్పుడు ఆమె చాయ్ తెచ్చింది. నా జేబులోంచి ఒక ఆకు బయటికి వేలాడుతోంది. దాన్ని చూసి, తల తిప్పుకుని, "చక్కెర సరిపోయిందా తమ్మీ?" అంది.

ఇంటికి వచ్చి, వయసు మీద పడినా సిగ్గుపడకుండా వైన్ షాపు వెనక్కి పోయి ఒక క్వార్టర్ సీసా ఏరుకొచ్చి, ముక్కలను అందులో పెట్టాను. ఆదివారం వదిన కర్ర పట్టుకుని వచ్చింది. చెప్పులు విడిచి, మంచినీళ్లు కూడా తాగకుండా కిటికీ దగ్గరికి పోయింది. ఆకు మీద పసుపు చారలు తక్కువగా ఉన్నాయి, బాలమణక్క ఇంట్లో ఎండ తక్కువ. వదిన కణుపును బొటనవేలితో తడిమింది.

"గిది నేనిచ్చింది కాదు."

దాచలేదు. పింగాణీ కుండీ నుంచి చెత్త బండి దాకా అంతా చెప్పాను. ఆమె కిటికీ బయటికే చూస్తూ వింది. నేను జోకు కోసం వెతికాను, దొరకలేదు. వదిన ఇటు తిరిగి అడిగింది:

"బాలమణి ఇచ్చిందా?"

"లేదు. ఎత్కచ్చిన."

"ఆమె ఏడున్నది గప్పుడు?"

"చాయ్ పెడుతున్నది."

"ఎంతసేపు పెట్టింది?"

"మస్తుసేపు వదినా. నేను దగ్గిందాంక."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో ముందు తెలియలేదు, రెండూ అని తర్వాత తెలిసింది. సీసాను జరిపి ఫొటో పక్కన పెట్టింది, ఆ పిడికిలి దగ్గరగా. కొన్ని వారాలకు కణుపు దగ్గర సూది మొనలాంటి చిగురు వచ్చింది. అప్పుడు గాని నేను ఉత్త ఆకుల గ్లాసులు తీయలేదు.

నా జ్ఞాపకాల్లో ఈ అధ్యాయం రాసి ముందుగా వదినకే చదివి వినిపించాను. కళ్లు మూసుకుని, మోకాలు నిమురుకుంటూ చివరిదాకా వింది. ఆమె మెచ్చుకుంటుందని కాగితాలు సర్దుతూ కాసేపు ఆగాను. ఆగలేక నేనే అడిగాను, "ఎట్లున్నది వదినా?"

"ఆకులు మస్తుగ వెట్టినవ్ నర్సింలూ," అంది కళ్లు తెరవకుండానే. "కణుపున్నదో లేదో, ఎవరన్న ఎత్కపోతె సూద్దాం."